ఖుక్రీ యుద్ధనౌక మునిగిపోతుంటే కెప్టెన్ ముల్లా ఎందుకు దిగిపోలేదు?

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రే చూశాను. రెండు లైన్లలో రాసేద్దామని మొదలుపెట్టి ఆపేశాను, రెండు లైన్లలో తేలేది కాదిది. మీ బాబు ఏడో క్లాసు, నేవీ డేకి స్కూల్లో వక్తృత్వ పోటీ ఉంది, యుద్ధంలో పతకం వచ్చిన ఒక వీరుడి గురించి మాట్లాడాలి, మహావీర చక్ర కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు తీసుకున్నాడు, ఎవరో రాసిచ్చిన స్పీచ్‌లో "ఓడతో పాటే జలసమాధి అయ్యారు" అని ఉంది, అది బట్టీ కొడుతూ కొడుతూ ఆగిపోయి "అమ్మా, దిగిపోతే బతికేవాడు కదా, మరెందుకు దిగలేదు, కెప్టెన్ చచ్చిపోవాలని రూలేమైనా ఉందా" అని అడిగాడు, మీ దగ్గర జవాబు లేదు. ఇదీ మీరు రాసింది. మీ వాడు చాలా మంచి ప్రశ్న అడిగాడమ్మా. నేవీలో చేరిన కొత్తలో మా బ్యాచ్ కుర్రాళ్ళం కూడా రాత్రి డ్యూటీలో కూర్చుని ఇదే మాట్లాడుకునేవాళ్ళం.

నా సంగతి కాస్త చెప్తాను, ఏ అర్హతతో మాట్లాడుతున్నానో మీకు తెలియాలి కదా. మాది భీమిలి దగ్గర, 1984లో సెయిలర్‌గా చేరా, చిలికాలో ట్రైనింగ్, కొచ్చిలో సోనార్ కోర్సు, ఆ తర్వాత ఎక్కువ సర్వీసు ఇక్కడ వైజాగ్ షిప్పుల మీదే. నా పని చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని నీళ్ళ కింద సబ్‌మెరైన్ ఉందేమో వినడం. అంటే ఖుక్రీ ఆ రాత్రి ఏ పని మీద వెళ్ళిందో ఆ పనే నేను 20 ఏళ్ళ పైన చేశాను, యుద్ధం మటుకు నేను చూడలేదు, అందుకే ఆ మనుషుల గురించి మాట్లాడేటప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడతాను.

ముందు బాబుకి జవాబు. రూలేమీ లేదు. షిప్‌తో పాటు కెప్టెన్ చనిపోవాలని ఏ నేవీలోనూ ఎవరూ ఆర్డర్ రాయరు. ఉన్నదల్లా బాధ్యత, నీ మనుషులు దిగాక నువ్వు దిగాలి, అంతే. కెప్టెన్ ముల్లా చావడానికి షిప్ మీద ఉండిపోలేదు, ఇంకా దిగనివాళ్ళు ఉన్నారు కాబట్టి ఉన్నారు. ఆయనకి ఇచ్చిన మహావీర చక్ర సైటేషన్‌లో, అంటే పతకం ఎందుకిచ్చారో రాసిన కాగితంలో కూడా ఇదే ఉంటుంది, దింపగలిగినంత మందిని దింపి, ఇంకా ఏం చెయ్యగలమో చూద్దామని మళ్ళీ బ్రిడ్జి మీదకి, అంటే షిప్‌ని నడిపించే పై చోటుకి, వెళ్ళారు, షిప్‌తో పాటు మునుగుతూ ఆఖరిసారి కనిపించారు అని. చూడండి, మళ్ళీ వెళ్ళారు అని ఉంది. పని మీద వెళ్ళారు. జలసమాధి అనే మాట వినగానే ఎవరో మునీశ్వరుడు కళ్ళు మూసుకుని కూర్చున్నట్టు అనిపిస్తుంది, ఆయన చేసింది అది కాదు, అందుకే నాకు ఆ మాట నచ్చదు.

ఇప్పుడు కథ మొదట్నించి చెప్తాను, మన ఊరి నుంచే మొదలుపెట్టాలి.

1971 డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది. అప్పుడు నాకు ఆరేళ్ళు, గుర్తున్నది తక్కువ, ఇంట్లో విన్నదే ఎక్కువ. కిటికీలకి నల్ల కాగితాలు, రాత్రయితే దీపాలు ఆర్పేయడం, మా అమ్మ ఆ రాత్రి గురించి చెప్పినప్పుడల్లా "తలుపులు గజగజలాడిపోనాయిరా, సముద్రంలో ఏటో పేలిపోనాది అనుకున్నాం" అనేది. అది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి అంత దూరం చుట్టి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది, ఈస్టర్న్ నేవల్ కమాండ్ చీఫ్ వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు విక్రాంత్ వైజాగ్‌లోనే ఉన్నట్టు నమ్మించడానికి బజార్లో పెద్ద ఎత్తున రేషన్, కూరగాయలు ఆర్డర్లు పెట్టించారు, దొంగ వైర్‌లెస్ మెసేజ్‌లు పంపించారు, రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని విక్రాంత్‌లా నటించమన్నారు. 3 అర్ధరాత్రి దాటాక హార్బర్ బయట ఘాజీ పేలిపోయింది, 90 మందికి పైగా పోయారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ళ లోతుకి వెళ్ళి పేలే బాంబులు) వల్ల అని మనవాళ్ళు, సొంత మైన్ల వల్ల అని వాళ్ళు, ఆ వాదన ఇప్పటికీ ఉంది. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం 1996లో కట్టింది ఆ యుద్ధం గుర్తుగానే. డిసెంబర్ 4 నేవీ డే అయింది మాత్రం ఆ రాత్రే కరాచీ మీద మన మిసైల్ బోట్లు చేసిన దాడి వల్ల, చాలామంది ఘాజీ వల్ల అనుకుంటారు, బాబు స్పీచ్‌లో ఆ తప్పు రాకుండా చూడండి.

ఈ రెండు గెలుపులూ మన ఊళ్ళో అందరికీ తెలుసు. సరిగ్గా ఐదు రోజుల తర్వాత అటు పక్క సముద్రంలో ఏం జరిగిందో చాలామందికి తెలీదు. నేవీ డే నాడు బీచ్‌లో హెలికాప్టర్లు, మార్కోస్ కమాండోలు, లక్షలమంది జనం, 9వ తారీఖు సాయంత్రం అదే బీచ్‌లో పల్లీలు తింటూ నడిచేవాళ్ళలో ఒక్కరికి కూడా ఖుక్రీ పేరు గుర్తుండదు, అది నన్ను ప్రతి ఏడూ బాధపెడుతుంది.

ఖుక్రీ అంటే చిన్న షిప్పమ్మా. బ్రిటన్‌లో కట్టింది, 1958లో మన నేవీలో చేరింది, పొడవు 94 మీటర్లు చిల్లర. బాబుకి అర్థం కావాలంటే బీచ్‌లో ఉన్న కుర్సుర సబ్‌మెరైన్ చూపించండి, అది 91 మీటర్లు, దాదాపు అంతే పొడవు. సబ్‌మెరైన్లని వేటాడటానికే కట్టిన రకం, పెద్ద తుపాకులు లేవు, ఒకటే ప్రొపెల్లర్, దాని అసలు ఆయుధం లింబో అనే మోర్టార్, అది వేసే బాంబు కిలోమీటరు లోపే పడుతుంది. అంటే సబ్‌మెరైన్ ఎక్కడుందో కనిపెట్టాలి, కనిపెట్టి దాని నెత్తి మీదకి దాదాపుగా వెళ్ళాలి, అప్పుడు కొట్టాలి. అవతల ఉన్నది హంగోర్ అనే సబ్‌మెరైన్, ఫ్రాన్స్‌లో కట్టిన డాఫ్నే క్లాస్, పాకిస్తాన్‌కి వచ్చి రెండేళ్ళే అయింది, దాని టార్పిడోలు, అంటే నీళ్ళ కింద దూసుకొచ్చి పేలేవి, కిలోమీటర్ల దూరం నుంచి వస్తాయి, శబ్దాన్ని పట్టుకుని వెంటపడతాయి. ఎవరి చెయ్యి పొడుగో మీకే తెలుస్తోంది కదా.

ఇంకొకటి ఉంది, ఇది నా పని కాబట్టి నేను చెప్పాల్సిందే. సోనార్ అంటే నీళ్ళలోకి ఒక శబ్దం పంపిస్తాం, దేనికైనా తగిలి తిరిగొస్తే వింటాం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ సముద్రం అంతా ఒకే నీరు కాదు. పైన ఎండకి వెచ్చబడిన పొర ఉంటుంది, కింద చల్లటి పొర ఉంటుంది, ఆ రెండూ కలిసే చోట శబ్దం వంగిపోతుంది, తిన్నగా వెళ్ళదు. సబ్‌మెరైన్ కెప్టెన్ తెలివైనవాడైతే ఆ పొర కిందకి దిగి కూర్చుంటాడు, పైన మనం ఎంత పింగ్ చేసినా వాడి పక్కనుంచి పోతుంది తప్ప వాడికి తగలదు. మన గోరువెచ్చటి సముద్రాల్లో ఈ బాధ ఎక్కువ, నేను బంగాళాఖాతంలో ఎన్ని మధ్యాహ్నాలు మన సబ్‌మెరైన్‌నే ఎక్సర్‌సైజ్‌లో వెతికి పట్టుకోలేకపోయానో లెక్కలేదు, పొద్దున్న స్పష్టంగా దొరికినది మధ్యాహ్నానికి మాయమైపోయేది. పైగా మన పింగ్ మనకి తిరిగి రావాలంటే పోయి రావాలి, అవతలవాడు వినడానికి ఒకసారి వస్తే చాలు. రాత్రి తెప్ప మీద పెట్రోమాక్స్ పెట్టుకుని వేటకెళ్ళినవాడు ఒడ్డు మీదున్నవాళ్ళకి ఎంత దూరం నుంచైనా కనిపిస్తాడు, వాడికి మాత్రం ఆ వెలుగు దాటి ఏమీ కనబడదు. ఆ రాత్రి ఖుక్రీ చేతిలో దీపం ఉంది, హంగోర్ చీకట్లో ఉంది.

హంగోర్ సౌరాష్ట్ర తీరం దగ్గర తిరుగుతోందని దాని రేడియో సిగ్నల్స్ వల్ల మనవాళ్ళకి తెలిసింది. దాన్ని వదిలేస్తే మన షిప్పులకి ముప్పు. అందుకని 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్‌ని, అంటే ఖుక్రీ లాంటి యుద్ధనౌకల దళాన్ని పంపారు. ఆ స్క్వాడ్రన్‌లో మూడు షిప్పులుండాలి, కుఠార్ బాయిలర్ రూమ్‌లో ప్రమాదం జరిగి అది వెనక్కి వెళ్ళిపోయింది, మిగిలినవి ఖుక్రీ, కిర్పాన్, రెండే. ముల్లా గారు ఖుక్రీకి కెప్టెన్, ఆ స్క్వాడ్రన్ మొత్తానికీ కమాండర్. అన్నట్టు నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం, ఆర్మీ కెప్టెన్‌తో కలిపేస్తారు చాలామంది, ఆయన చిన్న ఆఫీసర్ కాదు, అప్పటికి 45 ఏళ్ళు, పాతికేళ్ళ సర్వీసు.

9 డిసెంబర్ రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా నడిసముద్రం, టైం సుమారు 8.50. ఖుక్రీ మీద సోనార్ రేంజ్ పెంచడానికి కొత్త పరికరం పెట్టి ట్రయల్ చేస్తున్నారు, అది పనిచెయ్యాలంటే షిప్ మెల్లగా వెళ్ళాలి, మెల్లగా వెళ్ళే షిప్ టార్పిడోకి తేలిక. హంగోర్ ముందు కిర్పాన్ మీద ఒక టార్పిడో వదిలింది, అది పేలకుండా కిందనుంచి వెళ్ళిపోయింది. రెండోది ఖుక్రీకి తగిలింది. షిప్ కొన్ని నిమిషాల్లో మునిగిపోయింది, రెండు నిమిషాలే అని చెప్పినవాళ్ళున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబ్‌మెరైన్ ముంచిన మొదటి యుద్ధనౌక ఖుక్రీ.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలమ్మా. రెండు నిమిషాలు అంటే ఎంత. నేను బాబుకి అర్థమయ్యేట్టు చెప్పాలని ప్రయత్నిస్తాను.

షిప్‌లో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి మన ఇళ్ళలో లాంటి మెట్లుండవు, నిలువుగా ఉండే ఇనప లాడర్ ఉంటుంది, ఒక మనిషి పట్టే వెడల్పు. దాని పైన హ్యాచ్, అంటే ఇనప మూత. యుద్ధంలో ఉన్నప్పుడు ఆ మూతలూ తలుపులూ అన్నీ మూసి క్లిప్పులు బిగించి ఉంచుతారు, ఒక గదిలోకి నీళ్ళొస్తే పక్క గదిలోకి పోకుండా. నీళ్ళని ఆపేది అదే, మనిషిని ఆపేదీ అదే. మాకు డ్రిల్‌లో లైట్లన్నీ ఆర్పేసి కింద సెయిలర్లు తిని పడుకునే మెస్ డెక్ నుంచి పైకి రమ్మనేవాళ్ళు. షిప్ జెట్టీకి కట్టి ఉండేది, తిన్నగా ఉండేది, ప్రాణాల మీదకి ఏమీ లేదు, దారి ప్రతి రోజూ నడిచేదే, అయినా చీకట్లో చెయ్యి లాడర్ మీద పడేసరికే గుండె దడదడలాడేది, ముందువాడి బూటు మొహానికి తగిలేది, వెనకవాడు నడుం పట్టుకుని లాగేవాడు. ఒక లాడర్ మీద 20 మంది ఎక్కేసరికి ఎంత టైం పట్టిందో ఇన్‌స్ట్రక్టర్ వాచీ చూసి చెప్తే ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. అదే షిప్ పక్కకి ఒరిగిపోతే లాడర్ కూడా ఒరిగిపోతుంది, గోడ నేల అవుతుంది, తలుపు నెత్తి మీద ఉంటుంది. ఖుక్రీలో కింద ఉన్నవాళ్ళకి జరిగింది అది. వాళ్ళలో చాలామందికి రెండో అడుగు వేసే టైం కూడా ఉండి ఉండదు.

ఆ నిమిషాల్లో పైన బ్రిడ్జి మీద ఉన్న మనిషి ఏం చేశాడు అన్నదే ప్రశ్న. షిప్ పోతోందని ఆయనకి తెలిసిపోయింది. ఆబాండన్ షిప్ అని ఆర్డర్ ఇచ్చారు, అంటే షిప్ వదిలేసి దూకండి అని. ఆ ఆర్డర్ ఇవ్వడం ఒక కెప్టెన్‌కి ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలీదు, ఆలస్యం చేసిన కెప్టెన్లు చరిత్రలో ఉన్నారు, ఇంకొంచెం చూద్దాం నిలబడుతుందేమో అని చూస్తూ మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు. ముల్లా గారు చూద్దాం అనలేదు. లైఫ్‌రాఫ్ట్‌లు, అంటే ప్రాణాలు కాపాడే తెప్పలు, నీళ్ళలోకి వెయ్యమన్నారు. జంకుతున్నవాళ్ళని స్వయంగా తోశారని బతికి వచ్చినవాళ్ళు చెప్పారు. చీకట్లో నూనె తేలుతున్న సముద్రంలోకి దూకమంటే ఎవరికైనా కాళ్ళు రావు, ఇనప డెక్ మీద నిలబడి ఉంటే ఇంకా ఏదో భరోసా ఉన్నట్టనిపిస్తుంది, ఆ భరోసా అబద్ధమని తెలిసిన మనిషి పక్కనుండి తొయ్యాలి.

తర్వాత తన లైఫ్ జాకెట్ ఒక సెయిలర్‌కి ఇచ్చేశారు. ఈ ఒక్క వాక్యం అందరి స్పీచుల్లోనూ ఉంటుంది, గబగబా చదివేస్తారు, చప్పట్లు కొడతారు. నేను ఎన్ని వందలసార్లు లైఫ్ జాకెట్ కట్టుకున్నానో విప్పానో, అందుకని నాకు ఆ వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. లైఫ్ జాకెట్ విప్పాలంటే రెండు చేతులూ కావాలమ్మా. షిప్ ఒరిగిపోతున్నప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నో పట్టుకునే ఉంటుంది, నేవీలో మాకు మొదటి రోజే నేర్పించే మాట, ఒక చెయ్యి షిప్‌కి ఒక చెయ్యి నీకు అని. జాకెట్ ఇవ్వాలంటే ఆయన పట్టుకున్నది వదిలెయ్యాలి, ముళ్ళు విప్పాలి, ఇంకో మనిషి వంటికి తగిలించాలి. ఆవేశంలో ఒక్క క్షణంలో అయిపోయే పని కాదది. వేళ్ళతో ఓపిగ్గా చెయ్యాల్సిన పని. అంత గందరగోళంలో ఒక మనిషి ఓపిగ్గా ముళ్ళు విప్పాడంటే ఆయన మనసు ఎక్కడుందో అర్థం చేసుకోండి. సైటేషన్‌లో ఆయన ఎంత ప్రశాంతంగా, పద్ధతిగా పని నడిపించారో ప్రత్యేకంగా రాశారు, ఆ మాటలు ఊరికే రాసినవి కావని నాకు ఆ ముళ్ళ దగ్గరే తెలిసింది.

18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. 67 మంది బతికారు. వాళ్ళు రాత్రంతా నీళ్ళలోనే ఉన్నారు, కిర్పాన్ మర్నాడు కచ్ఛల్ అనే షిప్‌తో కలిసి వచ్చి వాళ్ళని ఎక్కించుకుంది.

ఇక్కడ చాలామంది కోపంతో రాస్తుంటారు, కిర్పాన్ అప్పుడే ఎందుకు ఆగలేదు, ఖుక్రీ ఎందుకు మెల్లగా వెళ్ళింది, అసలు అంత పాత షిప్పుల్ని ఎందుకు పంపారు అని. మీ ప్రశ్న కింద కామెంట్లలో కూడా ఒకాయన రాశాడు. నా అభిప్రాయం చెప్తాను. కిర్పాన్ ఆగి ఉంటే రెండో శవపేటిక అయ్యేది, హంగోర్ దాని మీద కూడా ఇంకో టార్పిడో వదిలింది, సబ్‌మెరైన్ పక్కనే ఉండగా ఆగిన షిప్ కన్నా తేలికైన గురి ఇంకోటి ఉండదు, మనవాళ్ళు నీళ్ళలో కేకలు వేస్తుంటే దూరంగా వెళ్ళమని ఆర్డర్ ఇచ్చిన ఆ కెప్టెన్‌కి ఆ తర్వాత ఎన్ని రాత్రులు నిద్ర పట్టిందో ఒడ్డు మీద కూర్చుని మనం లెక్కపెట్టకూడదు. మెల్లగా వెళ్ళడం సంగతి వేరు, యుద్ధం మధ్యలో ట్రయల్ పెట్టడం తప్పని నేననుకుంటాను, మంచి ఉద్దేశంతో చేసిన తప్పు, ఆ పరికరం పనిచేసి ఉంటే ఖుక్రీయే ముందు వినేది. పాత షిప్పులంటారా, ఉన్నవి అవే. ఇంట్లో ఉన్న గొడ్డలితోనే కదా పాముని కొడతాం. అది తెలిసీ ఆ షిప్పుల మీద వెళ్ళినవాళ్ళకే నా దండం. ఓటమిలో కూడా ఎవరు ఎలా నడుచుకున్నారన్నది చూసే కళ్ళుండాలి, 1971 అంటే గెలుపులే చెప్తూ ఖుక్రీ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించడం నాకు నచ్చదు.

ఆయన బతుకు గురించి బాబు రెండు ముక్కలు చెప్పాలి కదా. 1926 మే 15న గోరఖ్‌పూర్‌లో పుట్టారు, కాశ్మీరీ కుటుంబం. 1946 జనవరిలో క్యాడెట్‌గా చేరేటప్పటికి అది రాయల్ ఇండియన్ నేవీ, ఇంకా తెల్లవాళ్ళదే, 1948 మే 1న ఆఫీసర్‌గా కమిషన్ వచ్చేటప్పటికి మన దేశం మనది అయింది. కొన్నాళ్ళు లండన్‌లో మన హైకమిషన్‌లో పనిచేశారు. భార్య సుధ గారు, ఇద్దరు కూతుళ్ళు. నేవీకి పరమవీర చక్ర ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు, కాబట్టి మహావీర చక్రే మా నేవీ మనుషులు అందుకున్న అతి పెద్ద యుద్ధ పతకం, అది బాబు తప్పకుండా చెప్పాలి, లేదంటే జడ్జీలు రెండో పతకమే కదా అనుకుంటారు.

ఇక ఆయన తర్వాత ఏం మిగిలింది అన్నది. డయ్యూలో సముద్రం వైపు చూస్తూ ఒక గుట్ట మీద మెమోరియల్ ఉంది, అద్దాల గదిలో ఖుక్రీ మోడల్ ఉంటుంది, 1999లో కట్టారు. 2000లో ఆయన బొమ్మతో పోస్టల్ స్టాంపు వచ్చింది. ఇవన్నీ నెట్‌లో దొరుకుతాయి. కానీ మన ఊరికి సంబంధించిన ముక్క ఒకటుంది, అది చెప్పాలనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేవీలో ఒక ఆచారం ఉంది, షిప్ పోయినా పేరు పోనివ్వం. ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన కొత్త షిప్‌కి మళ్ళీ ఖుక్రీ అని పేరు పెట్టి 1989 ఆగస్టు 23న నేవీలో చేర్చుకున్నారు. ఆ రోజు రక్షణ మంత్రి కె.సి.పంత్ గారితో పాటు ముల్లా గారి భార్య సుధ గారు కూడా వచ్చారు. 18 ఏళ్ళ కిందట ఏ పేరుగల షిప్ తన భర్తని తీసుకుపోయిందో అదే పేరుగల షిప్‌ని ఆవిడ తన చేతులతో సముద్రానికి అప్పగించారు. ఆ దృశ్యం నేను చూడలేదు, ఊహించుకుంటేనే గొంతు పట్టేస్తుంది. ఆ ఖుక్రీ వెస్టర్న్ ఫ్లీట్‌లోనూ చేసింది, మన ఈస్టర్న్ ఫ్లీట్‌లోనూ చేసింది, 32 ఏళ్ళలో 28 మంది కమాండింగ్ ఆఫీసర్లు మారారు, 6,44,000 నాటికల్ మైళ్ళకి పైగా తిరిగింది. ఎక్కడ ఆగిందో తెలుసా, మన వైజాగ్‌లో. 2021 డిసెంబర్ 23 సాయంత్రం, సరిగ్గా పొద్దు గూకే టైంకి, జాతీయ జెండా, నేవీ జెండా, డీకమిషనింగ్ పెనెంట్ (షిప్ సర్వీసు ముగిసిందని ఎగరేసే సన్నటి జెండా) మూడూ దింపారు. పాత ఖుక్రీ మునిగి 50 ఏళ్ళు నిండిన నెల అది.

నేను ఆ షిప్ మీద పనిచెయ్యలేదు. మా బ్యాచ్ వాడొకడు చేశాడు, ఇప్పుడు శ్రీహరిపురంలో ఉంటాడు, ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. ఏమీ మాట్లాడలేదు చాలాసేపు. తర్వాత ఒకటే అన్నాడు, "ఒరే, మన ఖుక్రీ జెండా ఈసారి మనమే దింపామురా". మొదటి ఖుక్రీ జెండా ఎవరూ దింపలేదు కదా, ఎగురుతూనే నీళ్ళలోకి వెళ్ళింది. వాడు ఆ మాట అనేసి ఫోన్ పెట్టేశాడు. నేను బాల్కనీలో చాలాసేపు కూర్చుండిపోయాను.

తర్వాత ఆ షిప్‌ని డయ్యూ పాలకులకి అప్పగించారు, 2022 జనవరి 26న, మెమోరియల్ దగ్గరే మ్యూజియంగా ఉంచడానికి. అంటే వైజాగ్ నుంచి బయల్దేరిన ఖుక్రీ తన పేరుగల పాత షిప్ పడుకున్న నీళ్ళ ఒడ్డుకి చేరుకుంది. కిర్పాన్ పేరు కూడా అలాగే కొత్త షిప్‌కి వచ్చింది, ఆ కిర్పాన్‌ని 2023లో మనవాళ్ళు వియత్నాం నేవీకి కానుకగా ఇచ్చారు, అది కూడా వైజాగ్ నుంచే బయల్దేరింది. 1971 డిసెంబర్ 9 రాత్రి పక్కపక్కన ఉన్న రెండు పేర్లకీ మన హార్బర్‌తో ఇంత సంబంధం ఉందని నేవీ ఇళ్ళు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు బాబు పని. స్పీచ్ రాసిచ్చినవాళ్ళు చెప్పినట్టు పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టొద్దు. ముందు ఒక ఆదివారం పొద్దున్నే, జనం రాకముందు, కుర్సుర మ్యూజియంకి తీసుకెళ్ళండి. అది కూడా 1971లో అరేబియా సముద్రంలో గస్తీ కాసిన సబ్‌మెరైనే, ఆ లోపల గైడ్‌లుగా ఉండేది మాలాంటి రిటైర్డ్ నేవీ వాళ్ళే, అడిగితే ఎంతసేపైనా చెప్తారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళడానికి గుండ్రటి కన్నం లాంటి తలుపు ఉంటుంది, కాలు ముందు పెట్టి తల వంచి దూరాలి. బాబుని మామూలుగా ఒకసారి దూరమనండి, మీరు సెకన్లు లెక్కపెట్టండి. తర్వాత వెనకాల ఇంకో నలుగురు ఉన్నట్టు, లైట్లు లేనట్టు, నేల పక్కకి ఒరిగినట్టు అనుకోమనండి. అది ఖుక్రీ కాదు, సబ్‌మెరైన్, అయినా ఇనప గోడల మధ్య మనిషికి ఎంత చోటుంటుందో వాడి ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాత వాడు స్టేజీ మీద లైఫ్ జాకెట్ మాట చెప్పినప్పుడు గొంతు దానంతటదే మారుతుంది, మీరు నేర్పక్కర్లేదు.

"దిగిపోతే బతికేవాడు కదా" అన్న వాడి ప్రశ్నని స్పీచ్‌లోంచి తీసెయ్యకండి, దాంతోనే మొదలుపెట్టించండి. అందరి మనసులోనూ ఉండే ప్రశ్న అది, పెద్దవాళ్ళు మొహమాటానికి అడగరు. జవాబుగా ఆయన బ్రిడ్జి మీదకి తిరిగి వెళ్ళింది ఎందుకో చెప్పమనండి. ఇంకొకటి, అందరూ 194 మంది పోయారు అని చెప్పి గొంతు బరువు చేసి అక్కడ ఆపేస్తారు, ఆ అంకె తప్పకుండా చెప్పాలి, వాళ్ళ పేరు తలుచుకోవాలి. కానీ 67 అన్న అంకె కూడా చెప్పమనండి. ఆ రాత్రి ఆ షిప్ మీద 261 మంది ఉన్నారు, ముల్లా గారు మళ్ళీ పైకి వెళ్ళింది ఆ 67ని 68 చెయ్యడానికి.

పోటీ అయ్యాక ఎలా చెప్పాడో ఇక్కడే రాయండి, ప్రైజ్ వచ్చినా రాకపోయినా.